నూకరత్నం (ముద్రణలో)

మా కాలేజీలో అరవై నాలుగు మంది పరిశోధకులు ఉన్నారన్న సంగతి జూలై పదో తేదీ దాకా నాకు తెలియదు. పాఠాలు చెప్పేవాళ్లం ముప్పై ఒక్కరం. మిగిలిన ముప్పై ముగ్గురూ ఆఫీసు గుమాస్తాలు, లైబ్రరీ వాళ్లు, ల్యాబు అటెండర్లు, మోటారు వేసేవాళ్లు, ఊడ్చేవాళ్లు, గేటు దగ్గర వీర్రాజు. వీళ్లంతా పరిశోధకులేనని ఆ రోజు ఉదయం పదకొండింటికి ధ్రువపడింది.

కాలేజీలకి ర్యాంకులిచ్చే సంస్థ ఒకటి ఆన్‌లైన్‌లో ఫారం పెట్టింది. అందులో ‘మొత్తం ఉద్యోగులు’ అని ఒక గడి, దాని కింద ‘పరిశోధకులు’ అని ఇంకో గడి. మా సూపరింటెండెంటు గారికి ఆ పూట పంటినొప్పి. ఒక చేత్తో దవడ పట్టుకుని, రెండో చేత్తో రెండు గడుల్లోనూ అరవై నాలుగు వేసి మీట నొక్కేశారు. ఆ పైన మొత్తం వ్యాసాల్ని పరిశోధకుల సంఖ్యతో భాగించి తలసరి తీస్తారట. మా తలసరి సున్నా పాయింటు ఒకటి అని తేలింది.

ప్రిన్సిపాల్ డాక్టర్ గోవర్ధనం గారు అత్యవసర సమావేశం పెట్టారు. నేను హోంసైన్సు లెక్చరర్ని. ఇంట్లో పప్పులో ఉప్పు ఎక్కువైతే ఏం చేస్తామో అదే ఇక్కడా చేయొచ్చనుకుని చెయ్యెత్తాను.

“తప్పు పడిందని ఒక ఉత్తరం రాస్తే సరిపోతుందేమోనండీ?”

“హైమవతి గారూ, పోర్టల్‌లో సవరణ అనే సౌకర్యం లేదు” అన్నారాయన. “పోర్టల్ స్వీకరించేవరకే అది సమాచారం. స్వీకరించాక వాస్తవం. ఇప్పుడు మన తక్షణ కర్తవ్యం, ఆ వాస్తవానికి అనుగుణంగా మనల్ని మనం తీర్చిదిద్దుకోవడం.”

మధ్యాహ్నానికి సర్క్యులర్ వచ్చింది. ‘ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, బోధన, బోధనేతర, పారిశుద్ధ్య, ఉద్యాన విభాగములకు చెందిన ప్రతి ఒక్కరును జనవరి నెలాఖరులోగా అంతర్జాతీయ డిజిటల్ జర్నళ్లలో రెండు వ్యాసములకు తక్కువ కాకుండా ప్రచురించవలెను. ఒక వ్యాసమైనను లేని తాత్కాలిక ఉద్యోగులను పర్మనెంటు చేయుట సాధ్యపడదు.’

ఈ చివరి వాక్యం కాలేజీ మొత్తంలో ఒక్క మనిషికే తగిలింది. ఆ మనిషి నా ల్యాబులో పనిచేసే నూకరత్నం.

నూకరత్నం పందొమ్మిదేళ్లుగా టెంపరరీ అటెండరు. యాభై నిండేలోపు పర్మనెంటు చెయ్యాలి, లేకపోతే ఇంక ఎప్పటికీ చెయ్యకూడదని రూలు. ఏప్రిల్ నాలుగుకి ఆవిడకి యాభై నిండుతాయి. ఫైలు మూడేళ్లు తిరిగి తిరిగి, ఆ జూన్‌లోనే ప్రిన్సిపాల్ గారి బల్ల మీదికొచ్చింది. టెంపరరీ వాళ్లు రోజూ విడి కాగితం మీద సంతకం పెడతారు. నెలాఖరుకి ఆ కాగితాల్ని గుండుసూదితో గుచ్చి ఎక్కడో పడేస్తారు. పర్మనెంటు వాళ్లకి ఎర్ర అట్ట వేసిన రిజిస్టరు ఉంటుంది.

సర్క్యులర్ చదివి వినిపిస్తే నూకరత్నం ఇడ్లీ రేకులు ఆరబెడుతూ అంది: “నా పేరు జర్నల్లో ఎందుకండి? ఆ ఎర్రట్ట పుస్తకంలో ఉంటే చాలండి.”

“అందులో ఉండాలంటే ఇందులో ఉండాలట.”

“అయితే రాద్దారండి. ఎంత పొడుగుండాలేంటి?”

*

మొదటి వ్యాసం మా కాలేజీ నుంచి వీర్రాజుది వెలువడింది. కంప్యూటర్ సైన్సు చెప్పే ప్రణవి అనే అమ్మాయి, గేటు దగ్గరుండే రాకపోకల పుస్తకంలో నాలుగు పేజీలు ఫొటో తీసి, ‘మహిళా కళాశాల ప్రవేశద్వారం వద్ద సంచార సరళి’ అని పేరు పెట్టి ప్రపంచ గమనాగమన పరిశోధన పత్రికకి పంపింది. రెండు గంటల నలభై నిమిషాల్లో జవాబొచ్చింది. ‘మహామేధావి డాక్టర్ వీర్రాజు గారికి’ అని మొదలుపెట్టి, పద్ధతి అత్యంత నవీనమని మెచ్చుకుని, మూడో పట్టికలో ‘ఆవు - 1’ అన్న వర్గాన్ని మరింత విశదీకరిస్తే బాగుండేదని ఒక పరిశీలకుడు అభిప్రాయపడ్డాడు.

“ఆవు గురించి ఇంకేం రాయను మేడమ్?” అని వీర్రాజు నన్ను అడిగాడు. “వచ్చింది, అదిలించాను, ఎల్లిపోయింది.”

“అదే రాయి.”

అదే అతని రెండో వ్యాసం అయింది.

ఆగస్టు మొదటి వారానికి అరవై ముగ్గురికీ తలా ఒక వ్యాసం వచ్చేసింది. మోటారు వేసే శ్రీరాములు నీటి తొట్టి నిండే వ్యవధి మీద రాశాడు. నేను ఆవకాయ జాడీ మూతల మీద రాశాను. సిగ్గుగానే ఉంది గాని, మా ఆయన దాన్ని ఫోన్లో వాళ్ల అక్కయ్యకి చదివి వినిపిస్తుంటే వంటింట్లోంచి చెవి మాత్రం అటే వేశాను.

మిగిలింది నూకరత్నం ఒక్కతే. ఆవిడ చేత ఏం రాయించాలా అని ఆలోచిస్తూ స్టోరు గదిలోకి వెళ్లాను. గోడకి ఒకే మేకు మీద పందొమ్మిది క్యాలెండర్లు ఒకదాని మీద ఒకటి వేలాడుతున్నాయి. ఇన్నేళ్లూ చూస్తున్నాను, తీసి పారెయ్యలేదేమా అనుకున్నానే గాని ఎన్నడూ తిప్పి చూడలేదు. ఆ రోజు తిప్పాను. ప్రాక్టికల్ ఉన్న ప్రతి తేదీ గడిలోనూ సన్నటి పెన్సిల్ రాత. ‘పడమటి గాలి. ఏడుంపావు గంటలు.’ ‘ముసురు. తొమ్మిది గంటలు.’ ‘మబ్బు, ఉక్క. ఆరున్నర.’

“ఇదేమిటి నూకరత్నం?”

“ఇడ్లీ పిండండి. రుబ్బిన కాణ్ణించి పొంగేదాకా ఎంతసేపు పట్టిందో.” ఆవిడ చెంగుతో చేతులు తుడుచుకుంది. “నేను చేరిన యేడు, బయట్నుంచి పరీక్షకొచ్చిన మేడం గారి ముందర పిండి పొంగలేదండి. పదహారు మంది ఆడపిల్లలు ఒకటే ఏడుపు. తప్పు నాది, మార్కులు పోయింది ఆళ్లకి. అప్పుణ్ణించి రాసుకుంటన్నాను. గిన్నెకి సుద్దముక్కతో గీత గీత్తాను. పిండి గీత దాటిందంటే టైము చూసి రాత్తాను. పొద్దున్నే గాలి ఎటు తోలుతుందో చూసి, ఈ క్యాలెండరు బొమ్మలు తిరగేసి, ఎప్పుడు రుబ్బాలో చెప్పేత్తాను.”

ఈ పద్దెనిమిదేళ్లలో నా ల్యాబులో పిండి పొంగని రోజు లేదు. అది నా బోధన గొప్పతనం అనుకుంటూ వచ్చాను.

పది రోజులు కూర్చుని ఆ క్యాలెండర్లన్నీ నేనే టైపు చేశాను. మొత్తం వెయ్యీ నాలుగు వందల రోజులు. ‘కోస్తా వాతావరణంలో ఇడ్లీ పిండి పొంగే వ్యవధి: పందొమ్మిదేళ్ల పరిశీలన’ అని పేరు పెట్టి, కింద ‘నూకరత్నం’ అని ఒక్క పేరే వేశాను. ప్రణవి దాన్ని పన్నెండు జర్నళ్లకి పంపింది. అలా ఒకేసారి పంపకూడదని నాకు తెలుసు. కాని పన్నెండు మందికి శుభలేఖలు పంపితే పన్నెండు మందీ వస్తారా?

*

వ్యాసాలు ఉంటే చాలదని శ్రావణమాసం మొదట్లో తెలిసింది. వాటిని వేరే వ్యాసాల్లో ఎవరైనా ఉటంకించాలి. అలా ఎన్నిసార్లు ఉటంకిస్తే అంత గొప్ప.

“అంటే ఇచ్చిపుచ్చుకోవడమే కదుటే!” అంది తెలుగు చెప్పే మాణిక్యాంబ. రిటైర్‌మెంటుకి రెండేళ్లున్న మనిషి. స్టాఫ్ రూములో ఆవిడ మాటకి ప్రిన్సిపాల్ గారు కూడా లేచి నిలబడతారు. “నువ్వు నన్ను వేసుకో, నేను నిన్ను వేసుకుంటాను. ఈ మాత్రందానికి ఇంత గాబరా ఎందుకు? రేపు శ్రావణ శుక్రవారం. అందరూ పసుపూ కుంకుమా తెచ్చుకోండి.”

స్టాఫ్ రూములో చాపలు పరిచారు. ప్రతివాళ్లూ తమ వ్యాసం పేరు చీటీ మీద రాసి, తమలపాకులో మడిచి, పైన రెండు అరటిపళ్లు, గుప్పెడు శనగలు పెట్టారు.

“ఇస్తినమ్మా వాయనం” అంది ఫిజిక్సు.

“పుచ్చుకుంటినమ్మా వాయనం” అంది కామర్సు.

“నా చేతి వాయనం అందుకున్నదెవరు?”

“నేనేనమ్మా, కామర్సు డిపార్ట్‌మెంటు.”

పుచ్చుకున్న చీటీలోని వ్యాసాన్ని పుచ్చుకున్నవాళ్లు తమ తరవాతి వ్యాసంలో ఉటంకించాలి. మాణిక్యాంబ దీన్ని మూసివాయనంతో పోల్చింది. చేట మీద చేట బోర్లించి ఇస్తారు, పుచ్చుకున్నవాళ్లు అక్కడ విప్పి చూడరు. ఇక్కడ ఇంటికెళ్లాక కూడా ఎవరూ విప్పి చూడలేదు. వేడి ప్రవాహం మీద రాసిన వ్యాసంలో నా ఆవకాయ జాడీ ప్రామాణికంగా చేరింది. నేను జాడీ మూతల మీద రాసిన రెండో వ్యాసంలో ఖోఖో ఆటలో మోకాలి పాత్రని ఉటంకించాను.

మగవాళ్లతో చిక్కొచ్చింది. వాళ్లు వాయనం పుచ్చుకోవడం ఆచారం కాదు. అందుచేత భార్యలని పంపమన్నారు. ప్రిన్సిపాల్ గారి తరఫున ఆయన భార్య పట్టుచీర కట్టుకుని వచ్చి, ‘ఉన్నత విద్యలో డిజిటల్ చైతన్యం’ అన్న చీటీని అరవై ఆకుల్లో పంచి, అరటిపళ్లు మొయ్యలేక రిక్షా పిలిపించుకున్నారు. వీర్రాజు భార్య నాలుగు శుక్రవారాలూ ఒక్కటి మానకుండా వచ్చింది.

నూకరత్నం తలుపు దగ్గర నిలబడి చూస్తోంది.

“అక్కడ నిలబడ్డావేం? వచ్చి కూర్చో” అంది మాణిక్యాంబ.

“నాది ఇంకా అచ్చవ్వలేదండి.”

“పంపించారు కదా? అయితే ముద్రణలో ఉన్నట్టే. గుమ్మంలోకొచ్చిన ముత్తయిదువని దాటించి ఇవ్వకూడదే, అరిష్టం. చీటీ రాసి ఇయ్యి, పక్కన బ్రాకెట్లో ముద్రణలో అని వెయ్యి.”

అలా నూకరత్నం వాయనం అరవై ముగ్గురికీ వెళ్లింది. పుచ్చుకున్నదానికి తిరిగి ఇవ్వడానికి ఆవిడకి ఇంకో వ్యాసం లేదు. ఆవిడకి అది లోటుగా తోచింది. నాలుగు శుక్రవారాలూ ఇడ్లీలు వేసి తెచ్చింది. ఆ ఇడ్లీలు తిన్నవాళ్లు ఒక్కసారి వేసుకుంటే బాగోదనుకున్నారో ఏమో, తరవాత రాసిన మూడో వ్యాసంలోనూ, నాలుగో వ్యాసంలోనూ కూడా ఆవిడ పేరు వేసుకున్నారు.

*

సెప్టెంబరు నుంచి నూకరత్నానికి ఉత్తరాలు రావడం మొదలైంది. వీర్రాజుని మహామేధావి అన్న పత్రికే ఈవిడకి ఇలా రాసింది:

‘మీ వ్యాసాన్ని మా పోలిక యంత్రం పరీక్షించింది. ఇతర వ్యాసాలతో పోలిక పది శాతం దాటరాదని మా నియమం. మీ వ్యాసం పోలిక సున్నా శాతం. ఇంతవరకూ ఎవరూ అనని మాటలు ఇన్ని ఒకేచోట ఉండటం అనుమానాస్పదం. తిరస్కరిస్తున్నాము.’

ఇంకో పత్రిక, వ్యాసం చివర పూర్వ పరిశోధకుల జాబితా లేదని, పూర్వం ఎవరూ పట్టించుకోని విషయాన్ని ఇప్పుడు తాము పట్టించుకోవలసిన అవసరమేమిటని అడిగింది. మూడోది, పందొమ్మిదేళ్లు పట్టిన పరిశోధన నేటి వేగానికి తగదంది.

డిసెంబరుకి పదకొండు ఉత్తరాలయ్యాయి. పన్నెండో పత్రిక ఎక్కడో చలిదేశంలో ఒక విశ్వవిద్యాలయం వాళ్లది. వాళ్లు అందిందని ఒక్క ముక్క రాసి ఊరుకున్నారు. పొగడను కూడా పొగడలేదు. అది పత్రికేనా అని మాకు అనుమానం వచ్చింది.

“మేడమ్, దీన్ని అయిదు నిమిషాల్లో సరిచేస్తాను” అంది ప్రణవి. “వేరేవాళ్ల వ్యాసాల్లోంచి ఓ రెండు పేజీలు అతికిస్తే పోలిక తొమ్మిది శాతానికి వస్తుంది. అంకెలు కూడా కొంచెం గుండ్రంగా చెయ్యాలి. మరీ ఏడూ పావు, ఆరూ ముప్పావు అని ఉంటే ఎవరో నిజంగా కొలిచినట్టుంది.”

నాకు అప్పటికే ఓపిక పోయింది. “చేద్దాం నూకరత్నం. రెండు పేజీలే కదా” అన్నాను.

నూకరత్నం గిన్నె మీద మూత సర్దింది. “మేడం గారూ, పందొమ్మిదేళ్లలో పొంగని పిండి పొంగిందని ఒక్కనాడు రాయలేదండి. ఇప్పుడు రాసేత్తే, రేప్పొద్దున్న గాలి చూసి ఈ బొమ్మలు తిరగేసినప్పుడు నాకే నమ్మకం ఉండదండి.”

“పర్మనెంటు పోతుందే!”

“ఆయ్” అంది.

*

ఫిబ్రవరిలో తనిఖీ బృందం వచ్చింది. మా తలసరి సున్నా పాయింటు ఒకటి నుంచి మూడు పాయింటు రెండుకి వెళ్లింది మరి. జిల్లాలో ఏ కాలేజీకీ అంత లేదు. ఛైర్మన్ గారు శాలువా కప్పించుకుని, కంప్యూటరు తెర వైపు చాలాసేపు చూసి, కళ్లజోడు తీశారు.

“ఈ నూకరత్నం ఎవరు?”

ఆయన తెర మీద వేలు పెట్టి కిందికి జరుపుకుంటూ పోయారు.

“భౌతికశాస్త్రం నుంచి వ్యాయామ విద్య దాకా నూట ఏడు వ్యాసాలు ఈవిడని ఉటంకించాయి. ముద్రణలో అని ఉంది. ఆరు నెలలుగా ముద్రణలో ఉందంటే అది సామాన్యమైన రచన కాదు. నేను ఆ విదుషీమణిని చూడాలి.”

ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. నేను ల్యాబు వైపు చూశాను. బృందం మొత్తం ల్యాబులోకి వచ్చేసరికి నూకరత్నం చీర ఎగదోపుకుని, బూడిదా చింతపండూ పెట్టి ఇత్తడి గుండిగ తోముతోంది.

“నమస్కారమమ్మా. మీ పరిశోధనకి మూలసూత్రం ఏమిటి?” అన్నారు ఛైర్మన్ గారు.

ఆవిడ నన్ను చూసింది. నేను తలూపాను.

“పొద్దున్నే లేచి గాలి చూసుకోవాలండి. తరవాతే రుబ్బుకోవాలి.”

“పర్యావరణ ప్రాతిపదిక” అని ఛైర్మన్ గారు పక్కవారి చేత రాయించారు. “భవిష్యత్ కార్యాచరణ?”

“మీరు కూకుంటే అయిదు నిమిషాల్లో వాయి దింపేత్తానండి.”

ఆయన ఆరు ఇడ్లీలు తిన్నారు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుంటూ, గుండిగ వైపు చూసి కంఠం పెంచారు. “ఇంతటి మేధావి చేత అంట్లు తోమిస్తున్నారా? గేటు దగ్గర ఒకాయనకి నాలుగు అంతర్జాతీయ వ్యాసాలున్నాయి, ఆయన చేత గేటు తీయిస్తున్నారు! ఇది మేధో వనరుల ఘోర దుర్వినియోగం!”

నివేదికలో అదే వచ్చింది. ‘వ్యాసములు ప్రచురించిన ఏ వ్యక్తిని బోధనేతర పనులలో నియోగించరాదు. సదరు పోస్టులను ఎట్టి వ్యాసములు లేని వారితో మాత్రమే, మార్చి నెలాఖరులోగా, పర్మనెంటు ప్రాతిపదికన భర్తీ చేయవలెను.’

వారంలో బ్యాడ్మింటన్ హాలు పరిశోధనా విభాగం అయింది. ముప్పై రెండు కుర్చీలు వేసి, గుమాస్తాల నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరినీ పరిశోధక సహచరులుగా కూర్చోబెట్టారు. శ్రీరాములు జలవనరుల విభాగానికి వెళ్లిపోవడంతో మోటారు వేసే దిక్కు లేక, మూడో అంతస్తులో నీళ్లు రాలేదు. హాలు ఊడ్చేవాళ్లు కూడా హాల్లోనే కూర్చున్నారు గనక ఎవరూ ఊడ్వలేదు. గేటు బార్లా తెరిచి ఉంది. వీర్రాజు కిటికీలోంచి చూస్తుండగా, అతని రెండో వ్యాసంలోని ఆవు లోపలికొచ్చి, ప్రిన్సిపాల్ గారి క్రోటన్లు తిని వెళ్లింది.

“అదిలించకూడదాండి?” అని అతను మెల్లిగా నన్నడిగాడు.

“నువ్వు ఇప్పుడు అదిలించకూడదు వీర్రాజూ. పరిశీలించాలి.”

ముప్పై రెండు కుర్చీల్లో నూకరత్నానికి కుర్చీ లేదు. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లాను.

“ఆవిడ మేధావి అనేగా కమిటీ వాళ్లు ఇదంతా చేయించారు? మరి ఆవిడ పేరేదండీ?”

“సాంకేతిక ఇబ్బంది హైమవతి గారూ. ఆవిడకి నూట ఏడు ఉటంకింపులు ఉన్నాయి. వ్యాసం లేదు. వ్యాసం లేనివారు సహచరులు కాజాలరు.”

“పోనీ అటెండరుగానే పర్మనెంటు చెయ్యండి.”

“వ్యాసం లేనివారిని పర్మనెంటు చేయరాదని జూలై సర్క్యులర్.”

“ఆ సర్క్యులర్ని కమిటీ తిరగేసింది కదండీ! వ్యాసాలు లేనివాళ్లకే ఇవ్వమంది.”

ఆయన నివేదిక తీసి, వేలు పెట్టి చదివారు. రెండోసారి చదివారు. ఫ్యాను తిరుగుతోంది. ఆయనకి మనసులో ఇబ్బందేమీ లేదు, నూకరత్నం అంటే కోపమూ లేదు. ఏ కాగితం మీది వాక్యం పైదో, ఏది కిందదో తేల్చుకోవాలి, అంతే.

“దరఖాస్తు పెట్టుకోమనండి” అన్నారు చివరికి. “అయితే వ్యాసాలు లేవని లిఖితపూర్వకమైన ఆధారం జతచేయవలెను.”

“లేనిదానికి ఆధారం ఎక్కణ్ణుంచి వస్తుందండీ?”

“అది అభ్యర్థి బాధ్యత.”

*

మార్చి ఇరవై ఎనిమిదిన ఇంటర్వ్యూ. ల్యాబు అటెండరు పోస్టుకి ముగ్గురు వచ్చారు. ఒకామె ఇంటర్ పాసైంది. వ్యాసాలు రాయలేదని నోటితో చెప్పింది. నోటిమాట చెల్లదన్నారు. రెండో ఆమె, తాను ఏనాడూ ఏమీ రాసి ఎరగనని పంచాయతీ నుంచి సర్టిఫికెట్ తెచ్చింది. ఈ విషయం ధ్రువీకరించే అధికారం పంచాయతీకి లేదన్నారు. నూకరత్నం చేతిసంచీలో పదకొండు ఉత్తరాలున్నాయి. పదకొండు దేశాల నుంచి, ముద్రలతో, సంతకాలతో, ఈ వ్యాసం ప్రచురించబడదని స్పష్టంగా.

ఆవిడ లోపలికి పిలుపు కోసం బెంచీ మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. నా ఫోన్ మోగింది. ప్రణవి.

“మేడమ్, ఆ చలిదేశం వాళ్లు! ఇప్పుడే మెయిలొచ్చింది. తీసుకుంటామంటున్నారు!”

వరండా చివరికి వెళ్లి చదివాను. ఇద్దరు పరిశీలకులు వ్యాసాన్ని ఏడు నెలలు చదివారు. నిజంగానే చదివారు. మహామేధావి అని ఎక్కడా లేదు. పడమటి గాలికీ, ఉక్కకీ తేడా ఎలా గుర్తిస్తారని అడిగారు. ఇలాంటి నమోదు తాము ఇంతకుముందు చూడలేదని, ప్రచురించడం తమకు సంతోషమని రాశారు. చివర ఒక ప్రశ్న: ‘ఎనిమిదేళ్ల కిందట అక్టోబరు పద్నాలుగున మాత్రం పద్నాలుగు గంటలు అని ఉంది. ఆ రోజు ఏమైంది?’

మా కాలేజీ వాళ్లు వేసుకున్న నూట ఏడు ఉటంకింపుల్లో ఏ ఒక్కరూ ఆ అక్టోబరు పద్నాలుగు దాకా రాలేదు. టైపు చేసిన నేను కూడా అక్కడ ఆగలేదు.

వెనక్కొచ్చి నూకరత్నానికి అంతా చెప్పాను. నెలరోజుల్లో అచ్చు వేస్తారనీ, ఇది మాత్రం నిజమైన పత్రికేననీ చెప్పాను. అచ్చయిందంటే ఈ ఉద్యోగానికి పనికిరాదనీ చెప్పాను.

ఆవిడ చేతిసంచీ తాడు వేలికి చుట్టుకుంది.

“ఆళ్లు అంతా చదివారాండి?”

“అంతా.”

“అక్టోబరు పద్నాలుగా? ఆ రోజు మా అమ్మాయికి పురుడొచ్చిందండి. ఆసుపత్రి నుంచొచ్చి గిన్నె మూత తీసేతలికి పద్నాలుగు గంటలయ్యింది. ఎప్పుడు పొంగిందో నాకు తెల్దు. చూసిన టైమే రాశాను.” ఆవిడ నవ్వింది. “అది కనిపెట్టేశారంటే గట్టోళ్లేనండి.”

“ఏం రాయమంటావు వాళ్లకి?”

“నా రిటైర్‌మెంటుకి ఇంకా పదేళ్లుందండి. అప్పటిదాకా ఆగుతారేమో అడగండి. క్యాలెండర్లు కూడా ఇంకో పది పెరుగుతాయి గదా.”

లోపలి నుంచి పిలిచారు. ఆవిడ కొంగు భుజం మీదికి సర్దుకుని, పదకొండు ఉత్తరాలూ పట్టుకుని లోపలికెళ్లింది.

ఏప్రిల్ ఒకటిన, ముప్పై రెండు మంది పరిశోధక సహచరులు తమ పాత పనుల్లోకి తిరిగి వెళ్లడానికి వ్యాసాలని వెనక్కి తీసుకునే మార్గం చెప్పమని ప్రణవి చుట్టూ మూగి ఉండగా, నూకరత్నం ఎర్రట్ట రిజిస్టరులో సంతకం పెట్టింది. కొంచెం పెద్దదిగా పెట్టింది. పక్కవాళ్ల గడిలోకి కూడా వెళ్లిందని సూపరింటెండెంటు గారు సణిగారు.

చలిదేశం నుంచి వారానికి జవాబొచ్చింది. పురుడు సంగతి అధస్సూచిలో చేరుస్తామన్నారు. పదేళ్లు ఆగగలమన్నారు. వాళ్ల పత్రికలో అంతకన్నా ఎక్కువకాలం ఆగినవి ఉన్నాయట. అందాకా వ్యాసం పేరు తమ జాబితాలో ఫలానా విధంగా ఉంచుతామని చెబుతూ ఒక వరస రాశారు. నూకరత్నం, బ్రాకెట్లో ముద్రణలో.

అది చదివి వినిపిద్దామని ల్యాబులోకి వెళితే, ఆవిడ స్టూలెక్కి మేకుకి ఉగాదికి పంచిపెట్టిన ఇరవయ్యో క్యాలెండరు తగిలిస్తోంది.

“కాసేపాగండి మేడం గారూ” అంది. “పిండి గీత దాటేలా ఉంది.”